ఇంటి ఖర్చు - ఏలినవారి పరపతి



ఈ పూట మనం మాట్లాడుకోబోయే విషయం పేరుకు రాజకీయమే గాని, అసలుకు అది మన వంటింటిదే. దేశాన్నో, రాష్ట్రాన్నో ఏలే పెద్దమనిషికి జనంలో మంచిపేరు ఎలా వస్తుంది, వచ్చిన పేరు ఎలా పోతుంది అన్నదే ఆ విషయం. యుద్ధంలో గెలిస్తే వస్తుందంటారు కొందరు. గొప్పగా ఉపన్యసిస్తే వస్తుందంటారు మరి కొందరు. అవీ కొంతవరకు నిజమే. కాని నెల మొదట్లో సరుకుల చీటీ ముందు పెట్టుకుని, ఏది ఉంచాలి, ఏది కొట్టెయ్యాలి అని ఆలోచించే ఇల్లాలు వేసే మార్కులు వేరు. పత్రికల వాళ్లు వేసే మార్కులకంటే ఆ మార్కులే చాలాసార్లు గట్టిగా నిలిచాయి.

ముందుగా ఒక చిన్న సందేహం తీర్చుకుందాం. ఇతర దేశాల వార్తల్లో "అధ్యక్షుడి పలుకుబడి తగ్గింది, పెరిగింది" అని తరచు వింటుంటాం. మన రాష్ట్రపతి గురించి అలా ఎవరూ అనరు. ఎందుకని? మన రాష్ట్రపతిని మనం నేరుగా ఎన్నుకోము; పరిపాలన నడిపేది ప్రధానమంత్రి, ఆయన మంత్రివర్గమూ. 1973, 74 సంవత్సరాల్లో ధరలు మండిపోయి, ద్రవ్యోల్బణం 20 శాతం దాటినప్పుడు రాష్ట్రపతిగా ఉన్నది మన తెలుగువారే, వి.వి. గిరి గారు. కిరోసిను కోసం, బియ్యం కోసం వరుసల్లో నిలబడిన వాళ్లెవరూ గిరిగారిని తిట్టలేదు. తిట్టవలసి వస్తే ప్రధానిని తిట్టారు, ముఖ్యమంత్రులను తిట్టారు. కాబట్టి అమెరికాలో అధ్యక్షుడికి పట్టే గతి మన దగ్గర ప్రధానికి, ముఖ్యమంత్రికి పడుతుందన్నమాట.

అమెరికాలో 1930ల నుంచి చాలాకాలం ఒక ఆచారం ఉండేది. గాలప్ అనే సంస్థవారు జనాన్ని పలకరించి, "అధ్యక్షుడు పని చేస్తున్న తీరు మీకు నచ్చిందా, లేదా?" అని అడిగి లెక్కలు వేసేవారు. 1991లో గల్ఫ్ యుద్ధం ముగిసినప్పుడు పెద్ద బుష్ గారికి నూటికి 89 మంది "నచ్చింది" అన్నారు. ఇక ఆయనకు ఎదురేమిటి అనుకున్నారందరూ. ఏడాదిన్నర తిరక్కుండానే ఆ లెక్క 40కి దిగువకు పడిపోయింది. ఆ మధ్యలో ఆయన యుద్ధమేమీ ఓడిపోలేదు. ఉద్యోగాలు పోయాయి, వ్యాపారాలు మందగించాయి, ఇళ్లలో రాబడి తగ్గింది. 1992 ఎన్నికల్లో క్లింటన్ గెలిచారు. అంతకు ముందు 1980లోనూ అంతే. ఆ ఏడాది అక్కడ ధరలు 13 శాతం పైన పెరిగాయి. పోటీలో ఉన్న రేగన్ జనాన్ని ఒక్క ప్రశ్న అడిగారు: నాలుగేళ్ల కిందటికంటే ఇప్పుడు మీ సంసారం బాగుందా అని. కార్టర్ గారు ఓడిపోయారు.

ఇంకో ఉదాహరణ మరీ కొత్తది. 2022 జూన్‌లో అమెరికాలో ధరల పెరుగుదల 9 శాతం దాటింది. 2024 నాటికి అది సుమారు 3 శాతానికి దిగింది. "చూశారా, తగ్గించాం" అని బైడెన్ గారి ప్రభుత్వం చెప్పుకుంది. జనం వినలేదు. ఆ ఏడాది నవంబరులో ఆయన పార్టీ ఓడిపోయింది.

జనం ఎందుకు వినలేదో మనలాంటివాళ్లకు తేలిగ్గానే అర్థమవుతుంది. ఒక ఏడు 100 రూపాయలున్న సరుకు 120 అయిందనుకోండి. మరుసటి ఏడు 123 అయింది. లెక్కల పంతులుగారు "పెరుగుదల 20 శాతం నుంచి రెండున్నర శాతానికి తగ్గింది" అని సంతోషిస్తారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కాని మన చేతిలోంచి పోయేది 123 రూపాయలే కదా! పెరగడం నెమ్మదించడం వేరు, ధర దిగిరావడం వేరు. "ధరలు తగ్గాయి" అని ఎవరైనా అంటే, ఆ రెంటిలో ఏ అర్థంలో అంటున్నారో నిలదీసి అడిగే హక్కు మనకుంది.

మరొక సంగతి. టెలివిజను పదేళ్లకొకసారి కొంటాం. దాని ధర సగానికి పడినా మనకు గుర్తుండదు. పాలు రోజూ కొంటాం, కూరగాయలు రెండు రోజులకొకసారి కొంటాం. అక్కడ రెండు రూపాయలు పెరిగినా చురుక్కుమంటుంది. మన దేశంలో 2012ను ఆధారంగా తీసుకుని వేసిన ధరల సూచీలో ఆహార పానీయాలకు నూటికి దాదాపు 46 పాళ్లు కేటాయించారు. చిన్న జీతాల ఇళ్లలో ఆ వాటా అంతకంటే ఎక్కువే ఉంటుంది. అందుచేత సర్కారువారి సగటుకూ, మన సంచి బరువుకూ పొత్తు కుదరకపోవడంలో వింతేమీ లేదు.

ఇక మన ప్రాంతానికి వద్దాం. 1980 జనవరి లోక్‌సభ ఎన్నికలను ఉల్లిగడ్డల ఎన్నికలని ఇప్పటికీ అంటుంటారు. అప్పటి ప్రభుత్వం ఉల్లి ధరను కూడా అదుపు చేయలేకపోయిందని ఇందిరాగాంధీ గారు ఊరూరా ప్రచారం చేశారు. ఆ ఎన్నికల్లో ఆమె రాయబరేలీతోపాటు మన తెలంగాణలోని మెదక్ నుంచి కూడా గెలిచి, మెదక్ సీటునే ఉంచుకున్నారు. 1998లో ఢిల్లీ శాసనసభ ఎన్నికలప్పుడు మళ్లీ ఉల్లే! కిలో 50 రూపాయలు దాటేసరికి అక్కడి ప్రభుత్వం కూలి, షీలా దీక్షిత్ గారు ముఖ్యమంత్రి అయ్యారు.

రెండు రూపాయల కిలో బియ్యం సంగతి మీలో పెద్దవాళ్లకు గుర్తే. 1983లో ఎన్.టి. రామారావు గారిని గద్దె ఎక్కించిన వాటిలో ఆ వాగ్దానం ఒకటి. దానికి పోటీగా అప్పటి ప్రభుత్వం రూపాయి తొంభై పైసలకే ఇస్తామని ముందుగానే మొదలుపెట్టినా లాభం లేకపోయింది. అయితే ఇక్కడ మనం గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. 1989లో చౌకబియ్యం నడుస్తూనే ఉంది. అయినా రామారావు గారి పార్టీ ఓడిపోయింది. ఆయన స్వయంగా మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తిలో ఓడిపోయారు. అంటే ఏమిటి? బియ్యం పెట్టినవాడిని జనం మరచిపోరు గాని, ఆ ఒక్క బియ్యం కోసమే ఎల్లకాలం కట్టుబడి కూర్చోరు. మొదటి ఏడాది వరమనుకున్నది అయిదో ఏటికి మామూలైపోతుంది. అప్పుడు మిగతా కష్టాలు కంటికి కనిపిస్తాయి.

ఆ మిగతా కష్టాల్లో సారా ఒకటి. ఇంటికి రావలసిన కూలి డబ్బు దారిలోనే సారా దుకాణంలో ఖర్చయిపోతుంటే, చౌకబియ్యం తెచ్చుకోవడానికైనా రొక్కం మిగలలేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఆ లెక్క కట్టే 1990ల మొదట్లో తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారాను నిషేధించారు. 1994 చివర్లో రామారావు గారు పూర్తి మద్య నిషేధమూ, రెండు రూపాయల బియ్యమూ ఇస్తానని తిరిగి గద్దె ఎక్కారు. 1997లో మద్య నిషేధం ఎత్తేశారు. 2000లో కరెంటు చార్జీలు పెంచినప్పుడు జనం వీధుల్లోకి వచ్చారు. ఆ ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. 2004లో ఆ ప్రభుత్వం పోవడానికి కరెంటు చార్జీలొక్కటే కారణమనలేం. కరువుంది, రైతుల అప్పులున్నాయి. కాని ఆ నాలుగేళ్లూ నెలనెలా ఇంటికొచ్చిన బిల్లు ఆ బషీర్‌బాగ్‌ను గుర్తు చేస్తూనే ఉంది.

ఇంటి ఖర్చుకూ, గద్దెకూ మధ్య ఉన్న ముడి ఎంత చిక్కుగా ఉంటుందో చూడాలంటే కొడంగల్ ప్రాంతాన్ని మించిన ఉదాహరణ దొరకదు. హైదరాబాదు నుంచి బీజాపూరు వెళ్లే రహదారి మీద, కర్ణాటక సరిహద్దు దగ్గర ఉన్న ఊరది. 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉండి, ఆ తరువాత మహబూబ్‌నగర్ జిల్లాకు, 2016లో వికారాబాద్ జిల్లాకు వచ్చింది. పక్కనే తాండూరు. అక్కడి నాపరాళ్లు మన ఇళ్ల గచ్చుల్లో ఉన్నాయి, అక్కడి కందిపప్పు మన డబ్బాల్లో ఉంది. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

2015లో కందిపప్పు కిలో 200 రూపాయలు తాకినప్పుడు పట్నంలో మనం పప్పు పలుచన చేసుకున్నాం. ఆ ధర చూసి రైతులు ఎక్కువగా కంది వేశారు. 2016-17లో పంట విరగపండింది. అప్పుడు క్వింటాలుకు 5,050 రూపాయల మద్దతు ధర ఉన్నా, అంగట్లో అదీ రాలేదు. పట్నంలో మనం హమ్మయ్య అనుకున్న నెలలోనే అక్కడ పంట పండించిన ఇల్లాలు పిల్లల ఫీజుకు ఎవరి దగ్గర అప్పు చెయ్యాలా అని దిగులు పడింది. 2023లో పప్పు మళ్లీ 150 దాటితే కేంద్రం సుంకం లేకుండా మొజాంబిక్, మయన్మార్ వంటి దేశాలనుంచి కందులు రానిచ్చింది. 2025 మొదట్లో కందులు అంగట్లో 7,550 రూపాయల మద్దతు ధరకన్నా తక్కువకు పోయాయి. ధర దించిన ప్రభుత్వం ఒక ఇంట్లో మంచిది, ఇంకో ఇంట్లో చెడ్డది. రెండిళ్లలోనూ మాట్లాడేది ఇల్లాలే. అందుచేత "ధర తగ్గించినవాడే మంచివాడు" అని ఒక్క మాటలో తేల్చెయ్యడానికి లేదు. మనకు కావలసింది అమాంతం ఎక్కడం, అమాంతం పడడం కాదు; నిలకడ. గోదాములు, సకాలంలో కొనుగోలు, నిలవదారుల మీద నిఘా ఉంటేనే నిలకడ వస్తుంది. ఏలినవారిని అడగవలసింది అవి.

ఇక రాజకీయం చూడండి. కొడంగల్ నుంచి రేవంత్ రెడ్డి గారు 2009లో, 2014లో గెలిచి, 2018లో ఓడి, 2023లో 32 వేల పైచిలుకు ఓట్ల ఆధిక్యంతో గెలిచి, డిసెంబరు 7న ముఖ్యమంత్రి అయ్యారు. రెండు రోజులకే, 9వ తేదీనుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఆ పథకం కొడంగల్ వాళ్లకు మరీ కొత్త కాదు. సరిహద్దు అవతల సేడం వైపు చుట్టాలున్నవాళ్లు అదే ఏడాది జూన్ నుంచి కర్ణాటకలో అది చూస్తూనే ఉన్నారు. 2024 ఫిబ్రవరి చివరలో 500 రూపాయలకు గ్యాసు బండ, 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు పథకాలు మొదలయ్యాయి. నెలకింత అని ఇంటి ఖర్చులో మిగులు కనిపించింది. కూలికి, కాలేజీకి, ఆస్పత్రికి వెళ్లే ఆడపిల్ల ఒకరిని డబ్బులడగకుండా బస్సెక్కగలగడం చిన్న విషయం కాదు.

అయినా ఏం జరిగింది? ఆరు నెలలు తిరక్కుండా లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. కొడంగల్ భాగంగా ఉన్న మహబూబ్‌నగర్ సీటులో ముఖ్యమంత్రి గారి పార్టీ సుమారు 4,500 ఓట్ల తేడాతో ఓడిపోయింది. బీజేపీ తరఫున డి.కె. అరుణ గారు గెలిచారు. అది దేశానికి జరిగిన ఎన్నిక, లెక్కలు వేరు అనవచ్చు. నిజమే. కాని జనం ఢిల్లీ పద్దు, హైదరాబాదు పద్దు వేరువేరుగా రాసుకుంటారని కూడా అదే చెబుతోంది.

ఒకే ఇంట్లో లాభనష్టాలు ఎలా ఉంటాయో కూడా అక్కడే కనిపించింది. భార్యకు బస్సు టికెట్టు మిగిలింది; ఆటో నడిపే భర్తకు కిరాయి తగ్గింది. ఆటోవాళ్లు రోడ్డెక్కి మొరపెట్టుకున్నారు. గ్యాసు బండకు ముందు పూర్తి ధర చెల్లిస్తే, తేడా సొమ్ము తరువాత ఖాతాలో పడే ఏర్పాటు పెట్టారు. నెలాఖరున చేతిలో అంత రొక్కం లేని ఇంటికి అది 500 బండ ఎలా అవుతుంది? ఎన్నికలకు ముందు చెప్పిన నెలకు 2,500 రూపాయలు 2024 సంవత్సరమంతా గడిచినా రాలేదు. మాట ఇవ్వకపోతే బాధ ఉండదు. ఇచ్చిన మాట రాకపోతే అది ఇంటి పద్దులో బాకీ కిందే ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద సంగతి భూమి. 2024 నవంబరులో కొడంగల్ నియోజకవర్గంలోనే లగచర్ల దగ్గర మందుల పరిశ్రమలకు భూములు తీసుకోబోతే జనం తిరగబడ్డారు. నవంబరు 11న జిల్లా కలెక్టరుగారి బృందం మీద దాడి జరిగింది, అరెస్టులు జరిగాయి. దాడిని ఎవరూ మెచ్చుకోరు. ఆ తరువాత పక్క తండాల ఆడవాళ్లు న్యాయం కోసం ఢిల్లీ దాకా వెళ్లారు. నెలాఖరుకు ప్రభుత్వం ఆ మందుల పరిశ్రమల ప్రకటనను ఉపసంహరించుకుంది. పారిశ్రామిక వాడ ఆలోచన మాత్రం సాగింది. ఉచిత బస్సు ఎక్కిన చేతులే అక్కడ దరఖాస్తులూ పట్టుకున్నాయి. నెలకు కొన్ని వందలు మిగిల్చిన పథకం, ఏడాదంతా తిండిపెట్టే చేను పోతుందన్న భయాన్ని తీర్చలేదు. ఇందులో కృతఘ్నత ఏమీ లేదు. ఖర్చు తగ్గడం ఒక ఎత్తు, రాబడికి ఆధారం నిలవడం మరొక ఎత్తు. సంసారం నడిపే ఏ ఆడదాన్ని అడిగినా ఈ రెంటిలో ఏది ముందో చెబుతుంది.

అయితే మన మార్కులు న్యాయంగా ఉండాలంటే, ఏ ధర ఎవరి చేతిలో ఉందో మనకు తెలియాలి. లేకపోతే ఒకరి పాపం ఇంకొకరికి చుట్టి, ఒకరి పుణ్యం ఇంకొకరికి కట్టబెడతాం. గ్యాసు బండ ధర నూనె కంపెనీలది, కేంద్రానిది. 2023 ఆగస్టు చివర్లో, ఎన్నికలకు మూడు నెలల ముందు, 200 తగ్గించింది వారే. బండ మీద అదనపు రాయితీ ఇచ్చేది రాష్ట్రం. పెట్రోలు మీద ఇద్దరి పన్నూ ఉంది. కరెంటు చార్జీలు నియంత్రణ మండలి అనుమతితో రాష్ట్ర పంపిణీ సంస్థలు వేసేవి. బస్సు చార్జీ రాష్ట్రానిది. రేషను బియ్యంలో కేంద్రం వాటా, రాష్ట్రం వాటా రెండూ ఉన్నాయి. నల్లా బిల్లు, ఇంటి పన్ను ఊళ్లోని పురపాలక సంఘానివి. ఉల్లి, పప్పు ధరల్లో వాన పాత్ర సగం, ఎగుమతి దిగుమతి నిర్ణయాల పాత్ర మిగతా సగం అనుకోవచ్చు. వాన పడకపోవడానికి ప్రధానిని తిట్టలేం. వాన పడదని ముందే తెలిసీ నిలవలు పెట్టకపోతే తప్పకుండా అడగవచ్చు.

ఉచితాల సంగతి కూడా ఒక మాట. అప్పుచేసి పప్పుకూడు మంచిది కాదని మన పెద్దలు మన ఇళ్లకే చెప్పలేదు, రాజ్యాలకూ వర్తిస్తుంది. ఒక చేత్తో ఇచ్చినది రెండో చేత్తో మద్యం ఆదాయంగానో, రిజిస్ట్రేషను రుసుముగానో, బడిలో పంతులు లేకపోవడంగానో తిరిగి తీసుకుంటున్నారేమో చూసుకోవాలి. అలాగని "ఉచితాలకు ఓట్లమ్ముకున్నారు" అని ఆడవాళ్లను ఎద్దేవా చేసే పెద్దమనుషుల మాటకూ తలవంచనక్కరలేదు. కంపెనీలకు ఇచ్చేదాన్ని ప్రోత్సాహకమని, మనకిచ్చేదాన్ని ఉచితమని అనడం ఏం న్యాయం? రెండూ మన పన్నుల సొమ్మే. రెంటికీ లెక్క ఉండాలి, అంతే.

చివరగా నాదొక సలహా. పాల లెక్కకు, చాకలి పద్దుకు పుస్తకం పెట్టుకునే అలవాటు మనకు కొత్త కాదు. ఆ పుస్తకం చివరి పేజీని దీనికి కేటాయించండి. ఏటా ఉగాది నాడు పది పద్దుల ధరలు రాయండి: బియ్యం, కందిపప్పు, నూనె, ఉల్లి, పాలు, గ్యాసు, కరెంటు బిల్లు, బస్సు చార్జీ, బడి ఫీజు, మందులు. పక్కన మరో గడి గీసి, అది ఎవరి చేతిలోని ధరో రాయండి. ఇంకో గడిలో, ఆ ఏడు ఇంటికి వచ్చిన రాబడి ఎంతో రాయండి. ధర పెరిగినా రాబడి అంతకు మించి పెరిగితే సంసారం ముందుకు నడిచినట్టే. ధర నిలిచినా రాబడి పడిపోతే వెనక్కి నడిచినట్టే. అయిదు ఉగాదులు గడిచేసరికి ఎవరి ఉపన్యాసమూ అక్కరలేకుండా ఆ పేజీ మీకు నిజం చెబుతుంది.

ఎన్నికలప్పుడు ఇంటికొచ్చిన వారిని మూడు ప్రశ్నలు అడగండి. మీరు తగ్గిస్తామన్న ధర మీ చేతిలో ఉన్నదేనా? ఆ సొమ్ము ఎక్కడినుంచి తెస్తారు? మూడో ఏడాదిలో కూడా అది నడుస్తుందా? అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగేది కూడా అమ్మే అయినప్పుడు సమాధానం కాస్త ఆలోచించి చెబుతారు.

మన పొదుపులో మనం చూపించే జాగ్రత్త, రేపు మన ఓటులోనూ ఉండాలని కోరుకుంటూ, సెలవు.